ఖాళీ ఉయ్యాల ఊపగూడదు

పాప ఒక కాలు ఉయ్యాల బయటికి వేసింది. అంతే, గోడకు బిగించిన పెట్టె మీద పచ్చగా వెలుగుతున్న దీపం పసుపు రంగుకు తిరిగింది.

"వెంగమ్మా, లైటు" అని గోడ అవతలి నుంచి ఎస్తేరు సిస్టర్ కేకేసింది.

వెంగమ్మ తోముతున్న తపేలా అక్కడే వదిలేసి, మసి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది. పాప ఉయ్యాల చీర అంచు రెండు చేతులా పట్టుకుని పైకి లేవాలని చూస్తోంది. బయట వేలాడుతున్న కాలును తల్లి మెల్లిగా మడిచి లోపలికి నెట్టింది. పాప మళ్ళీ బయటికి తీసింది. మళ్ళీ నెట్టింది. ఇంకోసారి తీశాక పాపకు ఏడుపొచ్చింది గానీ కాలు మాత్రం లోపలే ఉంచేసింది. దీపం పచ్చబడింది. అవతలి గదిలో ఆగబోయిన మిషను మళ్ళీ గుర్రుగుర్రుమంటూ అందుకుంది.

ఆ పూట ఆ మిషను మీద పడుకున్నది వెంగమ్మ అత్త ఓబులమ్మే. కిడ్నీలు పనిచెయ్యవు కాబట్టి, ఒంట్లో రక్తం గొట్టాల గుండా బయటికి పోయి, శుభ్రమై, మళ్ళీ ఒంట్లోకి రావాలి. ఆ దారిలో మిషను ఆగితే ఆమెకు కాళ్ళూ చేతులూ ఈడ్చుకుపోతాయి.

కన్నకూతురి కాలు తన చేతులతో తనే ఇట్లా లోపలికి నెట్టడం వెంగమ్మకు అలవాటైపోయింది. అలవాటైపోయిందనే ఆమెకు భయం. పాపకు ఏడాది నిండి చాన్నాళ్ళైంది. బోర్లా పడినప్పుడు బొబ్బట్లు చేసి వీధంతా పంచారు. ఆ తర్వాత పండగే లేదు. పాకలేదు, నిలబడలేదు, గడప దాటలేదు. ఎదురింటి పిల్లాడు పాపకంటే చిన్నవాడు, కోళ్ళను తరుముతూ చావిట్లో దుమ్ము రేపుతున్నాడు. పాప కాళ్ళేమో మునక్కాడల మాదిరి సన్నగా, తెల్లగా, నేల తగలని కాళ్ళలాగే ఉండిపోయాయి.

వాళ్ళ ఊరు కాకరమెట్టకు ఆ వైర్లెస్ లింకు వచ్చిన ఎండాకాలం పాపకు మూడో నెల.

ఊరికీ మండలం ఆస్పత్రికీ మధ్య కొండ అడ్డం. అడవి కొండ కాబట్టి తవ్వి కేబుల్ వెయ్యనివ్వలేదు. నాలుగు గడపల ఊరికి టవర్ పెట్టడం ఎవరికీ గిట్టుబాటు కాలేదు. ఏ నీళ్ళు తాగో, ఏ బిళ్ళలు మింగో ఎవరూ తేల్చి చెప్పలేదు గానీ, కిడ్నీలు పోయినవాళ్ళు మాత్రం వీధికొకరు తేలారు. రక్తం శుభ్రం చేయించుకోడానికి ఆటోలో కొండ చుట్టూ తిరిగి పోవడం, అక్కడ మంచం దొరికేదాకా వరండాలో పడుండడం, తిరిగొచ్చేసరికి పోయిన ఓపికకు మళ్ళీ రెండు రోజులు మూలగడం. అది చూసి చూసి సర్కారు ఊరి సబ్‌సెంటర్‌కే మిషన్లు ఇచ్చింది. అయితే దానికో షరతు. మిషను తిరుగుతున్నంతసేపూ ఆస్పత్రిలో డాక్టరు తెర మీద చూస్తూ ఉండాలి. ఆ చూపు తెగితే కాసేపు ఎదురుచూసి, తనంతట తనే ఆగిపోతుంది.

ఆ చూపు కొండ దాటించడానికే సిటీ నుంచి నిరంజని అనే ఇంజనీరు వచ్చింది. దుమ్ము పడక మూతికి చున్నీ చుట్టుకుని తిరిగే మనిషి. ఊళ్ళోకెల్లా ఎత్తైనది పొగాకు కాల్చి ఆరబెట్టే పాత బ్యారన్ కొట్టం. ఆసామి పొగాకు మానేశాక కాపలాకని మాలకొండయ్యను అందులో ఉండనిచ్చాడు. అతను వెంగమ్మ మొగుడు, గ్రానైటు క్వారీలో లారీ తోలుతూ వారానికోసారి ఇంటికొస్తాడు. బ్యారన్ వెనకగోడే సబ్‌సెంటర్ గోడ. డిష్షు బ్యారన్ నెత్తిన ఎక్కింది, పెట్టె లోపలి గోడకు చేరింది.

కొండ అవతలున్నది కనపడకుండా ఎట్టా పోతుందని ఓబులమ్మ అడిగితే, నిరంజని ఉపన్యాసం ఇవ్వలేదు. బ్యారన్ తలుపు మూసి టార్చి వెలిగించింది. ఓబులమ్మ అన్నం తినే స్టీలు కంచాన్ని ఒక మూల నిలబెట్టి దానిమీదికి వెలుతురు కొట్టింది. ఆ వెలుతురు ఎగిరిపోయి, స్తంభం చాటున కూర్చున్న వెంగమ్మ మొహం మీద పడింది.

"మామూలు లింకుకి ఎదురుగా కనపడాలి. దీనికి అక్కర్లేదు. కొండరాళ్ళు, నీళ్ళ ట్యాంకు, జామాయిల్ చెట్లు, ఈ గోడలు, అన్నీ దీనికి కంచాలే" అంది నిరంజని. "ఏ కంచం ఎక్కడుందో ముందు ఒక పగలంతా నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక ఒకదానిమీంచి ఒకదానిమీదికి ఎగిరి కొండ దాటుతుంది. చెట్టు పెరిగినా, గడ్డి ఎండినా, మెల్లిగా జరిగే మార్పు ఏదైనా దానికి తెలిసిపోతుంది, సర్దుకుంటుంది. ఒక్కసారిగా కంచం తీసేస్తే మాత్రం తికమకపడుతుంది."

నేర్చుకునే రోజు బ్యారన్లో మనుషులెవరూ ఉండకూడదని, కదిలేవన్నీ తీసెయ్యాలని చెప్పింది. ఉయ్యాల కూడా విప్పమంది. ఒకప్పుడు పొగాకు కర్రలు వేలాడిన దూలానికి పాత నేతచీరతో కట్టిన ఉయ్యాల అది. ఓబులమ్మ అడ్డం తిరిగింది. బిడ్డ గడప దాటేదాకా కట్టిన ఉయ్యాల విప్పే ఆచారం తమకు లేదంది. నిరంజని వాదించే ఓపిక లేక, సరే, ఖాళీగా ఉంటే చాలంది. పొద్దున్నే పెట్టె ఆన్ చేసి, రెండో కొస చూసుకోడానికి ఆస్పత్రికి వెళ్ళిపోయింది.

వెంగమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని బయట వేపచెట్టు కింద కూర్చుంది. పక్కన అత్త. బ్యారన్‌కు కింద గాలి తూములుంటాయి, పొగాకు కాల్చేటప్పుడు వేడి పైకి తన్నడానికి. మధ్యాహ్నం వడగాలి ఆ తూముల్లోంచి దూరింది. తలుపు సందులోంచి చూస్తే ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది. మెల్లిగా, ఎవరో కూర్చుని ఊపుతున్నట్టు.

ఖాళీ ఉయ్యాల ఊగితే అందులో పడుకునే బిడ్డకు మంచిది కాదని వెంగమ్మ పుట్టినప్పట్నుంచీ వింటూనే ఉంది. వినని ఆడది ఆ ఊళ్ళో లేదు. పాపకు ముందు తనకు ఒక కానుపు చేతికందకుండానే పోయింది. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంగమ్మ లేచి, చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా లోపలికి పోయి పాపను ఉయ్యాల్లో పడుకోబెట్టి వచ్చింది. కదలకూడదు అన్నారు, నిద్రపోయే బిడ్డ కదలదు కదా అనుకుంది.

పాప సందేళ దాకా నిద్రపోయింది. దీపం పచ్చగా వెలిగింది. అనుకున్నదానికంటే లింకు ఎంతో గట్టిగా వచ్చిందని నిరంజని ఆస్పత్రి నుంచి ఆ లింకు మీదే ఫోను చేసి నవ్వుతూ చెప్పింది. తెల్లారి వెంగమ్మ పాపను నీళ్ళు పోయడానికి ఎత్తుకుంది. లింకు తెగింది.

తెగడం, రావడం, తెగడం. కారణమేమిటో చాలా రోజులు ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి నిరంజని లాప్‌టాప్ పట్టుకుని బ్యారన్లో చాపేసుకు కూర్చుంది. తెర మీద చుక్కలు, ముగ్గుకు పెట్టినట్టు. ఇది ట్యాంకు, ఇది కొండ, ఇవి చెట్లు అని చూపించింది. నడిమధ్యన అన్నిటికంటే పెద్ద చుక్క ఒకటి, ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. అదేమిటో తనకు తెలియడం లేదంది నిరంజని.

వెంగమ్మ ఆ చుక్కను చూస్తూ కూర్చుంది. ఉబ్బింది, తగ్గింది, ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ ఉబ్బింది. ఆ ఆగడం ఆమెకు తెలుసు. దానికోసమే ఆమె నిద్రమధ్యలో లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

"అది మా పాప ఊపిరి మేడం" అంది.

నిరంజని కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అన్ని కంచాల్లోకీ ఊపిరితో ఊగే కంచమే దానికి నచ్చిందని, కదలనివాటికంటే ఒకే తీరుగా కదిలేదాన్ని అది వెంటనే గుర్తుపడుతోందని, ఇది తామెవరూ ఊహించలేదని నెమ్మదిగా చెప్పింది. నేర్చుకున్నది చెరిపేసి, పాప లేకుండా మళ్ళీ నేర్పిద్దామంది.

చెరిపారు. ఆ కొద్దిరోజులూ రోగులు పాత పద్ధతిలో ఆటోలో ఆస్పత్రికి పోయారు. పాప లేకుండా పెట్టె ఎన్ని పగళ్ళు నేర్చుకున్నా దీపం పసుపు దాటి పచ్చబడలేదు. అసలు ఆ కొండను దాటించింది పాపేనని అప్పుడు తేలింది. అది తేలేలోపు, ఆస్పత్రి వరండాలో మంచం కోసం ఎదురుచూస్తూ సుబ్బరాయుడు మామ పోయాడు. పాప పుట్టినప్పుడు తేనె, వస కొండ మీంచి తెచ్చి ఇచ్చిన మనిషి.

అతని పెద్దదినం అయిన మర్నాడు వెంగమ్మ, ఎవరూ అడక్కముందే, పాపను ఉయ్యాల్లో వేసి పెట్టె ముందు నిలబడింది. పెట్టె ఆ పగలంతా మళ్ళీ నేర్చుకుంది. దీపం పచ్చబడింది.

అట్లా మొదలైంది. ఊరు చెడ్డది కాదు. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. పాలు తెచ్చారు, గిలక్కాయలు తెచ్చారు, వంతులేసుకుని వచ్చి ఉయ్యాల ఊపారు. సిగ్నల్ పాప అని పేరు పెట్టారు. మాలకొండయ్యకు మొదట్లో గర్వంగానే ఉండేది. "మన బిడ్డ పడుకుని ఊరిని సాకుతా ఉంది. నేను లారీ తోలి ఇంటినే సాకలేకున్నా" అని క్వారీలో అందరికీ చెప్పి నవ్వేవాడు. పాప పెరిగింది, బరువైంది, పళ్ళొచ్చాయి. మెల్లిగా వచ్చే మార్పు కాబట్టి పెట్టె అన్నిటినీ గుర్తుపట్టి సర్దుకుంది. సర్దుకోలేనిది ఒకటే, పాప ఉయ్యాల దిగడం.

మిషన్లు ఆదివారం తప్ప రోజూ తిరుగుతాయి, పొద్దున ఎక్కినవాళ్ళు దిగగానే మధ్యాహ్నం వాళ్ళు ఎక్కుతారు. పగటిపూట వాళ్ళు మారే మధ్యలోనే పాపకు నేల. ఆ కాసేపట్లో స్నానం, తిండి, ఎండపొడ. సాయంత్రం మిషన్లు ఆగేసరికి అలిసి నిద్రపోతుంది, ఆదివారం ఒక్కరోజు నేల ఆ కాళ్ళకు చాలదు. మొదట్లో ఉయ్యాల్లో ఆడుకునేది. ఈమధ్య దిగాలని మారాం చేస్తోంది. ఎవరో జలుబు మందు ఒక మూత పట్టిస్తే మత్తుగా పడుంటుందని సలహా ఇచ్చారు. ఆ మాట విని ఎస్తేరు సిస్టర్ తిట్టి పంపింది గానీ, ఆ సీసా కొన్నాళ్ళు వెంగమ్మ గూట్లోనే ఉంది. ఒకరోజు ఆమె చెయ్యి దానిమీదికి పోయింది కూడా. ఆ చెయ్యిని చూసుకుని, సీసా తీసుకెళ్ళి జిల్లేడు పొదల్లో పారబోసి వచ్చింది.

ఆ శనివారం మాలకొండయ్య వచ్చాడు. క్వారీ దగ్గర కుటుంబాలకు గదులు ఇస్తున్నారని, గది ముందే కొళాయి ఉందని, పిల్లల బడి కూడా ఉందని చెప్పాడు. చెబుతూ పాపను నేల మీద నిలబెట్టాలని చూశాడు. పాప కాళ్ళు మడతపడి కూలబడింది. మళ్ళీ నిలబెట్టాడు, మళ్ళీ కూలబడింది.

అతను తన తల్లి ఓబులమ్మ వైపు చూడలేదు. గోడకే చెప్పాడు. "పోదాం పావే" అన్నాడు. "మనం పోదాం."

ఓబులమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదని ముగ్గురికీ తెలుసు. పోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ ఆటో దారి ఆమె ఇంక తట్టుకోలేదు. అది ఆమె ఒక్కతి సంగతి కూడా కాదు. అయినా కాసేపటికి ముసలామె గొంతు వినబడింది.

"పొండి. దాని కాళ్ళకన్నా నా నెత్తురేం ఎక్కువ కాదు."

వెంగమ్మ పాపను నేల మీంచి ఎత్తుకుంది. పోతే అత్తను చంపినట్టు, ఉంటే బిడ్డను కుంటిదాన్ని చేసినట్టు. ఏది చేసినా అది తన చేతులతోనే జరుగుతుంది. ఆమెకు విసుగొచ్చింది, మనుషుల మీద కాదు, ఆలోచించడం మీద.

ఆ వారంలోనే నిరంజని వచ్చింది. ఈసారి చున్నీ విప్పేసి వచ్చింది. మొహంలో రక్తం లేదు. పాప కాళ్ళు పట్టుకుని చూసి చాలాసేపు కూర్చుంది. తర్వాత, ఎవరితోనో చెప్పుకోకపోతే తోచనట్టు చెప్పింది. వాళ్ళ సంస్థ ఈ లింకును చూసి సంబరపడుతోందట. కొండలడ్డమున్న ఊళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి. అక్కడ గోడలతో, చెట్లతో పని జరగడం లేదు. అందుకని అక్కడ కూడా పెట్టె పక్కన ఒక ఉయ్యాల కట్టిస్తే ఎట్లా ఉంటుందని సంస్థ పెద్దలు అడుగుతున్నారట. వాళ్ళు ఉయ్యాల అనడం లేదట, ఊపిరి ఆధారం అంటున్నారట.

"పెద్దవాళ్ళ ఊపిరి పనికిరాదా మేడం?" అని అడిగింది వెంగమ్మ.

పనికొస్తుందేమో అంది నిరంజని. కానీ రోజంతా కదలకుండా ఎవరు కూర్చుంటారు, పిల్లలైతే పడుకునే ఉంటారని వాళ్ళ లెక్క. పైగా ఇక్కడ పెట్టె ఇప్పటికే పాపకు అలవాటుపడిపోయింది. వేరే మనిషిని పెడితే ఒక్కసారిగా కంచం మార్చినట్టే, ఒప్పుకోదు. తనే ఒకసారి కూర్చుని చూస్తే దీపం ఎర్రబడిందంది. అంతా చెరిపేసి మళ్ళీ నేర్పిద్దామంటే, ఆలోపు సుబ్బరాయుడు మామ లాగా ఇంకెవరు పోతారోనని భయం.

అప్పుడు పాప ఏడుస్తూ తల్లి రవిక పట్టుకు లాగింది. వెంగమ్మ కొంగు సర్దుకుని, పాప చేతిలో మరమరాల గిన్నె పెట్టింది. కొన్నాళ్ళుగా ఆమె పాలు మాన్పిస్తోంది. ఒకేసారి మాన్పిస్తే బిడ్డ బెంగపడి జ్వరం తెచ్చుకుంటుంది. ముందు పొద్దుటి పాలు మానాలి, ఆ వేళకు జావ పట్టాలి, దానికి అలవాటుపడ్డాక మధ్యాహ్నం పాలు. చివరికి రొమ్ముకు వేపాకు ముద్ద. బిడ్డకు తెలియకుండానే తల్లి స్థానంలోకి గిన్నె వచ్చి కూర్చుంటుంది.

మరమరాలు ఏరుకుంటున్న పాపను చూస్తూ వెంగమ్మ అంది, "దీనికి పాలు మాన్పిస్తన్నట్టు, ఆ పెట్టెకు దీన్ని మాన్పిస్తే?"

నిరంజనికి వెంటనే అర్థం కాలేదు. వెంగమ్మ తనకొచ్చిన మాటల్లో చెప్పుకొచ్చింది. ముందు పాపతో పాటు తనూ ఉయ్యాల్లో కూర్చుంటుంది. ఇద్దరి ఊపిరీ దానికి అలవాటు చెయ్యాలి. తర్వాత పాపను కాసేపు, ఇంకాసేపు దించుతూ రావాలి. మెల్లిగా వచ్చే మార్పు దానికి తెలుస్తుందని మీరే చెప్పారు గదా అంది. నిరంజని లాప్‌టాప్ తెరిచింది, మూసింది. కావచ్చు అంది. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనంది. తర్వాత వెంగమ్మ కళ్ళలోకి చూడకుండా ఇంకో మాట అంది.

"అప్పుడు దానికి మీరు కావాలి, వెంగమ్మ గారూ. పాప దిగుతుంది. మీరు దిగలేరు."

"తెలుసు మేడం" అంది వెంగమ్మ.

శనివారం మాలకొండయ్య వచ్చి సంగతి విని, భోంచెయ్యకుండా బయట లారీ టైరు మీద కూర్చున్నాడు. గది తాళంచెవి అడిగి తెచ్చుకున్నాడట, జేబులోంచి తీసి చూపించాడు. కొళాయి, బడి, గది ముందు సిమెంటు అరుగు, అన్నీ ఆ తాళంచెవిలో ఉన్నట్టు దాన్ని అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి, లారీ తాడు తెచ్చి, నవారు పట్టీలు కలిపి, ఇద్దరి బరువుకూ ఆగేటట్టు ఉయ్యాల గట్టిగా కట్టాడు. కట్టాక తను ఎక్కి ఊగి చూశాడు. తనకు తెలియకుండానే నవ్వాడు కూడా.

మొదటి రోజుల్లో వెంగమ్మ ఉయ్యాల్లోకి చెయ్యి పెట్టినా దీపం పసుపయ్యేది. ఆదివారాలు, మిషన్లు ఆగే మధ్య వేళలు, పొద్దున్నే సిస్టర్ రాకముందు, అట్లా ఎవరికీ ప్రాణం మీదికి రాని సమయాలే ఏరుకుంది. చెయ్యి పెట్టింది, తల ఆనించింది, తర్వాత పక్కన కూర్చుంది. కంది పూతకొచ్చేసరికి పాపను ఒళ్ళో పెట్టుకుని పచ్చదీపం కింద ఊగగలిగింది. నడుము పట్టేసేది. దూలం కిర్రుమనేది. పక్కింటివాళ్ళు కూర తెచ్చి గిన్నెలో వేస్తూ, ముసలాళ్ళకు మిషను, కోడలికి ఉయ్యాల, బాగుంది మీ ఇంటి భోగం అని ఎకసెక్కమాడేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వాక అలిసిపోయేది.

నిరంజని వచ్చినప్పుడల్లా చుక్కలు చూపించేది. పాప చుక్క పక్కన ఇంకో చుక్క పుట్టింది. కొన్నాళ్ళకు రెండూ ఒకే సైజయ్యాయి. పాపది తొందరగా ఉబ్బేది, తల్లిది నిదానంగా. కంది కోతకొచ్చేవేళకు పాప ఉయ్యాల కింద చాప మీద కూర్చుని కట్టెపుల్లలతో ఆడుకుంటోంది, పైన తల్లి, దీపం పచ్చగానే ఉంది. తెర మీద పాప చుక్క వెలిసిపోయింది. ఎస్తేరు సిస్టర్ పాప కాళ్ళకు నువ్వుల నూనెతో మర్దనా మొదలుపెట్టింది. ఈ చుక్కలను అచ్చేసి తమ సంస్థ పెద్దలకు చూపిస్తానని, ఎదిగిన మనుషులు వంతులేసుకుని కూర్చుంటే చాలని, ఏ ఊళ్ళోనూ ఉయ్యాల కట్టనివ్వనని నిరంజని అంది. అంటున్నప్పుడు ఆమె గొంతులో నమ్మకం సగమే ఉంది. ఆ సగమైనా ఉన్నందుకు వెంగమ్మ ఊరుకుంది.

పాప గోడ పట్టుకుని నిలబడింది. కూలబడింది. నిలబడింది.

ఎండలు మళ్ళీ ముదురుతున్న ఒక మధ్యాహ్నం, ఓబులమ్మ మిషను మీద ఉంది. వెంగమ్మ ఉయ్యాల్లో కూర్చుని మినపప్పులో రాళ్ళు ఏరుతోంది. పాప గోడ వెంబడి ఒక్కో అడుగూ వేసుకుంటూ తలుపు దాకా పోయింది. బ్యారన్ గడప ఎత్తు, వేడి పోకుండా కట్టిన గడప. పాప దానిమీద బోర్లా పడుకుని అవతలికి చూసింది. అక్కడ కోళ్ళు, దుమ్ము, ఎండ. ఒక కాలు పైకి లేపి అవతలికి వేసింది.

వెంగమ్మ చేతిలో చాట ఆగిపోయింది. పిలవబోయి మానుకుంది. రెండో కాలు కూడా పోయింది. ఆ వెనకే ధబ్బున పడిన చప్పుడు, ఏడుపు.

ఆమె సగం లేచేసింది. ఒక కాలు నేలకు ఆనింది. దీపం పసుపు రంగుకు తిరిగింది.

"వెంగమ్మా, లైటు" అని గోడ అవతలి నుంచి కేక.

వెంగమ్మ కిందికి చూసుకుంది. తన కాలే. రెండు చేతులా మోకాలు పట్టుకుని, మెల్లిగా మడిచి, ఉయ్యాల లోపలికి తీసుకుంది. దీపం పచ్చబడింది. మిషను గుర్రుమంది. గడప అవతల ఏడుపు సాగుతూనే ఉంది. ఎత్తుకునేవాళ్ళెవరూ లేరు. ఆమె చీర అంచు పిడికిట పట్టుకుని వింటూ కూర్చుంది. కాసేపటికి ఏడుపు ఎక్కిళ్ళైంది. ఎక్కిళ్ళు ఆగాయి. కోడి ఒకటి బెదిరి అరిచింది. పాప నవ్వు వినపడింది, తలుపు దగ్గర్నుంచి కాదు, ఇంకా దూరం నుంచి.

సాయంత్రం మిషన్లు ఆపేశాక ఓబులమ్మ గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. సంగతి సిస్టర్ చెప్పేసినట్టుంది. మిషను దిగిన రోజు మంచం దిగని మనిషి, ఏరిపెట్టిన పప్పు నానేసి, ఎదురింటామె చేత రుబ్బించి, రాత్రి పొద్దుపోయాక నాలుగు గారెలు వేసింది. పాప ఒకటి రెండు చేతులా పట్టుకుని చీకుతోంది. మోకాళ్ళు రెండూ దోక్కుపోయి, మట్టి అంటుకుని ఉన్నాయి. వెంగమ్మ ఆ మోకాళ్ళనే చూస్తోంది. కడగబుద్ధి కాలేదు. పని అయిపోయినా ఉయ్యాల దిగబుద్ధి కాలేదు.

ఓబులమ్మ గారె ఒకటి కోడలి చేతిలో పెట్టి, ఉయ్యాల తాడు పట్టుకుని రొప్పుతూ నిలబడింది.

"జరుగు" అంది.

"ఎందుకత్తా, పడుకోరాదా."

"నీకు మాత్రం మాన్పించొద్దా. జరుగు. నాకు మిషను లేని రోజు నేను కూర్చుంటా. నాకు పట్టుబడినాక, నా పక్క మిషను పుల్లమ్మను కూడా కూర్చోబెడదాం. మిషను ఎక్కేవాళ్ళందరికీ పిర్రలున్నాయి గదా."

వెంగమ్మ జరిగింది. ముసలామె మెల్లిగా ఎక్కి పక్కన కూర్చుంది. దూలం కిర్రుమంది. పెట్టె మీద దీపం పసుపు రంగుకు తిరిగింది. ఈసారి ఎవరూ కేకెయ్యలేదు.